సారు కొట్టేసిన వాక్యం

సారు పోయారన్న ఫోను బంద్ రోజున వచ్చింది. నేను డాబా మీద ఉతికిన బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన ఫోను చెవికి ఆనించుకుని "ఎప్పుడు మేడమ్? ఎప్పుడు?" అని అడిగాడు. తర్వాత నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుండిపోయాడు. మేడమ్ అంటే సారు భార్య, అనంతపురం జిల్లాలో బడిపంతులమ్మ. సారు ఒంట్లో బాగాలేక కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుందామని ఆమె దగ్గరికి వెళ్ళారు. పొద్దున మజ్జిగ తాగి మంచం మీద ఒరిగారట. మళ్ళీ లేవలేదట.

ముందు రోజు ఆ బంద్ కోసం ర్యాలీలో నడిచిన మా ఆయన, ఫోను వచ్చిన రోజంతా అనంతపురం వైపు ఒక్క బండి అయినా దొరుకుతుందేమోనని తిరిగాడు. దొరకలేదు. మర్నాడు ఇద్దరం బస్సు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. సారు ముఖం మేము చూడలేదు. అందుకే నాకు తెలిసిన సారును నాకు తెలిసినట్టు ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాదాపూర్ పేరు వింటే మీకు అద్దాల మేడలు గుర్తొస్తాయి. ఆ మేడల వెనక పాత ఊరి గల్లీలు ఇంకా ఉన్నాయి. అట్లాంటి గల్లీలో ఒక ఇల్లు మాది. మాది అంటే మేము కిరాయికి ఉన్నది. కింద జిరాక్స్ షాపు, దాని మీద మగపిల్లల హాస్టలు, రెండో అంతస్తులో సారు సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ సెంటరు. ఆ పైన డాబా మీద రేకుల గదిలో మేమిద్దరం. పెళ్ళయి పాలమూరు నుంచి వచ్చినప్పుడు నాకు ఈ ఊళ్ళో తెలిసినది ఆ మెట్లు ఒక్కటే. మా ఆయన సారు దగ్గరే పనిచేసేవాడు. కౌంటరులో కూర్చుని, వచ్చినవాళ్ళకు కోర్సు వివరాలు చెప్పి, ల్యాబులో పిల్లలకు వచ్చే డౌట్లు తీర్చేవాడు. డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి. సారు దగ్గరే పని నేర్చుకున్నాడు.

నేను తల వంచుకుని మెట్లెక్కేదాన్ని. రెండో అంతస్తు దగ్గర పిల్లలు గుంపుగా ఉంటే గోడకు అతుక్కుపోయేదాన్ని. సారు అది చూసి తానే తలుపు దగ్గరికి వచ్చి, "జరగండప్పా, దారియ్యండి. పో పాపా, పో" అనేవారు. ఆయన మాట్లాడిందల్లా అంతే, నేను మాట్లాడింది ఏమీ లేదు. చాలా నెలలు అట్లాగే గడిచాయి.

సారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మెడ చుట్టూ ఎప్పుడూ ఒక చేతిరుమాలు. వారం రోజులూ సెంటరు వెనక గదిలోనే ఉండి, తానే రాగి సంగటి కెలుక్కుని, చెనక్కాయల పచ్చడితో తినేవారు. పిల్లలను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. ఎవరిది ఏ ఊరయితే ఆ ఊరే వాళ్ళ పేరు. "ఏమప్పా సిద్దిపేటా, నిన్న రాలేదే?" "ఏం తల్లీ మార్కాపురం, అర్థమయిందా?" అని పిలిచేవారు. కొత్తగా వచ్చిన పిల్ల "సార్, నా పేరు..." అని మొదలుపెడితే, "పేరు మీ నాయన పెట్టుకున్నాడు. ఊరు చెప్పు, ఎవురో ఒకరు తోడుంటారు" అనేవారు. నిజంగానే ఊరు చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు తల తిప్పి, మాది పక్క ఊరే అనేవాళ్ళు.

ఆయన చెప్పేది టెస్టింగ్ అనే కోర్సు. అంటే ఏమిటో మా ఆయన ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. ఒకసారి డాబా మీద కొత్త కుళాయి బిగిస్తుంటే సారు పైకి వచ్చి, "చూడు పాపా, బిగించినాయన బాగుందనే అంటాడు. నువ్వు తిప్పి చూడాల, గట్టిగా తిప్పి చూడాల, కారుతుందా లేదా అని. మా పిల్లోళ్ళు చేసేది అదే" అన్నారు. ఆ కుళాయి కారింది. ప్లంబరు చిన్నబుచ్చుకున్నాడు. సారు మాత్రం ఆయన భుజం తట్టి, "నీ తప్పు కాదప్పా. తయారుచేసినోనికి తన తప్పు కనపడదు. అందుకే ఇంకొకరు చూడాల" అన్నారు.

నేను వచ్చిన ఏడాదే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం బాగా పెరిగింది. నెలలో సగం రోజులు బంద్, రాస్తారోకో. ఒక్కోసారి హాస్టళ్ళు ఖాళీ అయిపోయేవి. ఊళ్ళకు పోయిన పిల్లలు తిరిగి వస్తారో రారో తెలిసేది కాదు. అదే సమయంలో మెయిన్ రోడ్డు మీద కొత్త ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. ఏసీ గదులు, కోట్లు వేసుకున్న అమ్మాయిల ఫోటోలతో పెద్ద పెద్ద ఫ్లెక్సీలు. మా సెంటరులో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవడం నేను మెట్లు దిగుతూ తలుపులోంచి చూసేదాన్ని. సెంటరు మూతపడితే మా ఆయన పని పోతుంది, గది పోతుంది. అప్పటికే ఆయన ఏదైనా కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరుకుతుందా అని ఊరివాళ్ళను అడుగుతున్నాడు. నన్ను కొన్నాళ్ళు ఊరికి పంపిస్తానన్నాడు. నాకు పోవాలని లేదు. సిగ్గుపడుతూనే అయినా ఇక్కడ నాకంటూ ఒక గది, ఒక డాబా ఏర్పడ్డాయి.

మొదట మాట తెచ్చింది ఇంటి ఓనరు. ఈ ఊరి మనిషే. సెంటరుకు సారు పెట్టుకున్న పేరు 'చిత్రావతి'. సారు వాళ్ళ అనంతపురం వైపు పారే నది పేరది.

"సారూ, జర బోర్డు మార్చుండ్రి" అన్నాడు మెట్ల మీద నిలబడి. "గా పేరు అటు దిక్కుదని అందరికీ ఎరికే. నాకేం లేదు. రేపు ఎవడన్నా రాయి ఇసిరితే అద్దం నాది, పరేషాన్ నీది."

"నది ఏం చేసిందప్పా? ఉత్తగా ఇసుక పారుతుంటుంది. దాన్లో నీళ్ళే ఉండవు" అన్నారు సారు.

"నీళ్ళు లేని నదికి బోర్డెందుకు సారూ మరి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ సారుకు ఆ మాట పట్టింది. ఎవరో ఏదో చేస్తారన్న భయంతో కాదు. ఆ బోర్డు ఎవరినీ పిలవడం లేదని ఆయనకు అప్పటికే తెలుసు. పేరు మార్చాలి, పాంప్లెట్ మార్చాలి, సెంటరు నిలబడాలి. పక్క గల్లీలో ఫ్లెక్సీలు వేసే కుర్రాయన ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. ఆయన్ని పిలిపించారు.

ఆయన లాప్‌టాప్ తెరిచి చెప్పడం మొదలుపెడితే మెట్ల మీద కూడా వినిపించేది.

"ముందు పేరులో గ్లోబల్ అని ఉండాలండి. బ్లూ కలర్ అండి, నమ్మకం వస్తుంది. ఇక్కడ భూగోళం తిరుగుతున్నట్టు పెడదామండి. పాంప్లెట్ మీద పెద్దక్షరాల్లో ఉద్యోగం గ్యారంటీ. ఎక్స్‌పీరియన్స్ కూడా మనమే పెడదాం. ఇప్పుడు అందరూ చేస్తున్నదే కదండి."

ఎక్స్‌పీరియన్స్ పెట్టడం అంటే ఏమిటో ఆ రోజు మా ఆయన చెప్తే తెలిసింది. పిల్లవాడు ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయకపోయినా, ఫలానా చోట రెండేళ్ళు చేశాడని కాగితం పుట్టిస్తారట. ఆ కాగితంతో పెద్ద కంపెనీలో చేరతారు. దొరికితే తీసేస్తారు. దొరకనివాళ్ళు రోజూ భయపడుతూ పనిచేస్తారు.

సారు అంతా విని, "భూగోళం వద్దులేప్పా, అది దానంతట అదే తిరుగుతాది" అన్నారు. ఎక్స్‌పీరియన్స్ మాటకు మాత్రం చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం అంటే కాదని అర్థమని మా ఆయనకు తెలుసు.

పేరు దొరకడం చిత్రంగా జరిగింది. సారు ఒక సాయంత్రం మెట్ల దగ్గర నిలబడి, పిల్లలు ఫోన్లలో మాట్లాడుకునే మాటలు విన్నారు. ఎవరూ 'చిత్రావతిలో ఉన్నా' అనలేదు. "యాడున్నవ్‌రా?" "సెకండ్ ఫ్లోర్‌ల ఉన్న." "క్లాసు అయిపోయిందా?" "లేదే, ఇంకా సెకండ్ ఫ్లోర్‌లోనే." అంతా ఇదే.

మర్నాడు ఫ్లెక్సీ ఆయనతో, "బోర్డు మీద 'సెకండ్ ఫ్లోర్' అని రాయప్పా" అన్నారు.

ఆయన లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, "అదిరిందండీ! ఇంత స్టైలు పేరు నాకే తట్టలేదండీ" అన్నాడు.

ఓనరుకు మాత్రం నచ్చలేదు. "గదేం పేరు సారూ? రేపు నేను ఇంకో ఫ్లోరు ఎక్కిస్తే?"

"పైన ఎక్కించు. కింద ఎక్కించొద్దు" అన్నారు సారు.

పేరు అట్లా తేలికగా అయిపోయింది. కష్టమంతా పాంప్లెట్ దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో కాకుండా తెలుగులో వేయాలని సారు పట్టుబట్టారు. "పిల్లోళ్ళు ఇంగ్లీషులో చదువుకుంటారు, కానీ ఊళ్ళో ఫీజు కట్టేది అమ్మానాయనలు. వాళ్ళకు తెలియాల, దేనికి కడుతున్నారో" అని ఆయన వాదన. ఫ్లెక్సీ ఆయన గొణుగుతూనే తెలుగులో రాసి ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని ఒక పొద్దున సారు, మా ఆయన డాబా మీదికి వచ్చారు. నేను కొంగు సర్దుకుని గదిలోకి వెళ్ళిపోయాను. సారు పిట్టగోడ మీద కూర్చున్నారు.

"పాపా, ఒక సాయం కావాల. ఈ కాగితం చదివి పెడతావా?"

"ఆమెకు సిగ్గు సార్. చదవది" అన్నాడు మా ఆయన.

"నిన్నడగలేదప్పా. పాపను అడుగుతున్నా."

నేను ఏడో తరగతి వరకే చదివాను. పెళ్ళయ్యాక ఎవరూ నన్ను ఏమీ చదవమనలేదు. తలుపు చాటున నిలబడి, చేయి మాత్రం బయట పెట్టి కాగితం తీసుకున్నాను. చదవడం మొదలుపెట్టాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అన్నచోట ఆగాను. 'రియల్ టైమ్ ఫ్యాకల్టీ' దగ్గర ఆగాను. ఆగిన ప్రతిచోటా, ఇది అర్థం కాలేదు సార్ అనాలేమో అనుకుని, అనలేక, మళ్ళీ చదివాను. బయట పెన్సిలు గీతల చప్పుడు వినిపిస్తూ ఉంది. సారు దగ్గర ఇంకో కాగితం ఉంది. నేను ఆగినచోటల్లా ఆయన దాని మీద గీత పెడుతున్నారు.

మా ఆయన తట్టుకోలేక, "అంటే గదేందంటే..." అని నాకు వివరించబోయాడు.

"నోరు మూసుకోప్పా. క్లాసులో ఏం చెప్పినా నీకు? పక్కన కూర్చుని నేర్పిస్తే అది టెస్టింగా?" అన్నారు సారు. తర్వాత నాతో, "నీకు తెలియకపోతే అది కాగితం తప్పు పాపా. నీది కాదు. చదువు" అన్నారు.

చివరిదాకా చదివాను. అప్పుడు సారు, "అన్నిట్లోకీ ఏ మాట బాగుంది?" అని అడిగారు.

నేను తలుపు చాటునుంచే చెప్పాను. "ఉద్యోగం గ్యారంటీ అన్నది బాగుంది సార్."

"ఎందుకు?"

"గది చదివితే ఇగ ఫికర్ లేదనిపిస్తది సార్. మా తమ్ముడు చదువుతుండు. మా అమ్మ గీ ఒక్క మాట చూసిందంటే, చెవుల కమ్మలు కుదువబెట్టయినా పంపిస్తది."

ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. బయట పెన్సిలు పొడుగ్గా ఒక గీత గీసిన చప్పుడు. మా ఆయన గట్టిగా అన్నాడు, "సార్! గదే కదా అసలు మాట! గది కొట్టేస్తిరి?"

"అదే కదప్పా. పాప నమ్మేసింది."

"నమ్మితే మంచిదే కదా సార్?"

"నమ్మితేనే నాకు భయం. ఉద్యోగం ఇచ్చేది నేనా? ఎవురూ నమ్మని మాట ఉంటే ఉండనీ, ఎవురికీ నష్టం లేదు. నమ్మే మాట మాత్రం నిజమై ఉండాల. ఆ కమ్మలు నేను యాడ నుంచి తెచ్చియ్యాల?"

ఆయన దిగి వెళ్ళిపోయాక నాకు కోపం వచ్చింది. నేను ఏదో మంచి చెప్పాననుకుంటే, నా మాట పట్టుకునే మాకు అన్నం పెట్టే వాక్యాన్ని కొట్టేశారని అనిపించింది. మా ఆయన కూడా గోడకు ఆనుకుని, "ఇగ అయిపోయింది. సెక్యూరిటీ డ్రెస్సు కొలతలిచ్చుకోవాలె" అన్నాడు. నవ్వాడు కానీ అది నవ్వు కాదు.

సారు మర్నాడు మళ్ళీ వచ్చారు, వేరే కాగితంతో. ఆ మర్నాడు మళ్ళీ. ప్రతిసారీ అదే పద్ధతి. నేను చదవాలి, ఆయన గీతలు పెట్టాలి, మా ఆయన నోరు మూసుకోవాలి. నేను తలుపు చాటునుంచి గడప మీదికి, గడప మీదినుంచి బయటి నవారు మంచం దాకా ఎప్పుడు వచ్చానో నాకు గుర్తులేదు. చివరికి మిగిలిన కాగితంలో ఈ మాటలున్నాయి. ఏం నేర్పుతాం, ఎన్నాళ్ళు నేర్పుతాం, ఏ వేళల్లో నేర్పుతాం. ఇంటర్వ్యూకు తయారుచేయడం మా పని, ఉద్యోగం వెతుక్కోవడం మీ పని. బంద్ వల్ల పోయిన క్లాసు ఆదివారం చెప్తాం. డెమో చెప్పినవాళ్ళే చివరిదాకా చెప్తారు.

ఆ చివరి మాట సంగతి మీకు చెప్పాలి. ఇక్కడి సెంటర్లలో మొదటి రోజు డెమో క్లాసు ఉచితం. పిల్లలు విని, నచ్చితే ఫీజు కట్టి చేరతారు, నచ్చకపోతే లేచిపోతారు. కొన్నిచోట్ల డెమోకు పేరున్న మంచి సారును పిలిపిస్తారు. ఫీజు కట్టాక మూడో రోజునుంచి వేరెవరో వస్తారు. అడిగితే సారు బిజీ అంటారు. పిల్లలకు ఇది అలవాటైపోయింది. మా సారుకు ఈ పద్ధతి అంటే ఒళ్ళు మంట. "పెళ్ళిచూపుల్లో ఒకర్ని చూపించి, పీటల మీద ఇంకొకర్ని కూర్చోబెట్టినట్టు" అనేవారు.

ఫ్లెక్సీ ఆయన ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు. "సార్, ఇది పాంప్లెటాండి, పంచాయతీ నోటీసాండి? ఇది చూసి ఎవరొస్తారండి?"

"వచ్చినోళ్ళు తెలిసి వస్తారు కదప్పా" అన్నారు సారు.

మా ఆయన, పిల్లలు కలిసి ఆ కాగితాలు పంచారు. హాస్టళ్ళ మెట్ల మీద, షేర్ ఆటోలు ఆగేచోట, రాయదుర్గం వైపు పోయే రోడ్డు మీద టీ బండ్ల దగ్గర. ఎవరూ ఎగబడి రాలేదు. కొత్త పేరుతో మొదలైన మొదటి బ్యాచ్‌లో వెనక వరుసలన్నీ ఖాళీ. సారు ముందు వరుసకు చెప్పినట్టే, ఆ ఖాళీ కుర్చీలవైపు కూడా చూస్తూ చెప్పేవారట. మా ఆయన కౌంటరులో ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేవాడు.

ఆ రోజుల్లోనే మా గల్లీ మొగదల రోడ్డు మీద 'వంటా వార్పు' పెట్టారు. రాష్ట్రం కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులు కూర్చుని తినడం. గల్లీ ఆడవాళ్ళు నన్ను కూడా లాక్కెళ్ళారు. నేను పప్పు కలుపుతున్నాను. మా ఆయన విస్తళ్ళు వేస్తున్నాడు. చూస్తే సారు మెట్లు దిగి, మెడలో రుమాలుతో వచ్చి, బంతిలో కూర్చున్నారు. అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

మా ఓనరమ్మ నడుం మీద చేయి పెట్టుకుని అడిగింది, "సారూ, నువ్వు అటోడివి గదా? గీడ కూసున్నవేంది?"

"నేను అటోణ్ణేనమ్మా. ఆకలి మాత్రం ఇక్కడిదే. పొద్దున్నుంచీ ఉంది."

బంతి అంతా నవ్వింది. ఓనరమ్మ రెండో గరిటె పప్పు కూడా వేసి, "రాష్ట్రమొచ్చినంక గూడ ఈడనే ఉంటవా మరి?" అని అడిగింది.

"బ్యాచ్ అయిపోయేదాకా యాడికి పోతానమ్మా?" అన్నారు సారు.

తింటూ మా ఆయన, సారు వాదించుకున్నారు కూడా. రాష్ట్రం విడిపోతే మా సీమకు నీళ్ళెట్లా అని సారు, ఇన్నాళ్ళు మా పాలమూరుకు నీళ్ళేవి అని మా ఆయన. ఇద్దరూ గొంతులు పెంచారు. చేయి కడుక్కునేటప్పుడు మాత్రం సారు చేతికి మా ఆయనే చెంబుతో నీళ్ళు పోశాడు.

ఆ పూట ఓనరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాంప్లెట్ చదివించుకుంది. ఆమె చెల్లెలి కొడుకు సిద్దిపేటలో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. "ఉద్యోగం ఇస్తమని లేదేంది?" అని అడిగింది. "ఇయ్యం అనే రాసినం అత్తా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "గట్లయితే అబద్ధమాడుతలేరు" అంది. ఆ పిల్లవాడు చేరాడు. అతని వెనక మరొకరు. అట్లా నెమ్మదిగా వెనక కుర్చీలు నిండాయి. గొప్పగా పెరిగామని చెప్పను. మెయిన్ రోడ్డు మీది ఫ్లెక్సీలు మా కన్నా పెద్దవిగానే ఉన్నాయి. కానీ మూతపడలేదు. మా ఆయన సెక్యూరిటీ డ్రెస్సు కొలతలివ్వలేదు. నేను ఊరికి పోలేదు.

తర్వాతి ఏడాది సారుకు గుండె జబ్బు బయటపడింది. మెట్లెక్కొద్దని దవాఖానలో చెప్పారు. కింద జిరాక్స్ షాపు ఖాళీ అవుతోంది, అందులోకి మారమని ఓనరు అన్నాడు. మా ఆయన బతిమాలాడు.

"సెకండ్ ఫ్లోర్ అని పేరు పెట్టి గ్రౌండ్ ఫ్లోర్‌లో కూర్చోమంటావా? పాంప్లెట్ మొత్తం మళ్ళీ పాపతో చదివించాల" అన్నారు సారు నవ్వుతూ. అసలు సంగతి వేరే. ఆ షట్టరులో ల్యాబు పట్టదు. సగం మంది నిలబడాల్సి వస్తుంది. ఆ మాట మాత్రం ఆయన అనలేదు.

నేను మెట్ల మలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాను. సారు అక్కడిదాకా ఎక్కి కూర్చునేవారు. రొప్పు తగ్గేదాకా కూర్చుని మళ్ళీ ఎక్కేవారు. పిల్లలు మెట్ల మీదే చుట్టూ చేరి డౌట్లు అడిగేవాళ్ళు. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చేదాన్ని. ఎవరూ నన్ను చూసి దారి ఇవ్వనక్కర్లేకుండా వాళ్ళ మధ్యలోంచే వెళ్ళి ఇచ్చేదాన్ని.

"ఏమప్పా, నువ్వు ఒక బ్యాచ్ ఎత్తుకోరాదా?" అని సారు మా ఆయన్ను అడగడం అక్కడే చాలాసార్లు విన్నాను.

"నాకు ఇంగ్లీష్ రాదు సార్. డిగ్రీ గూడ లేదు. నా దగ్గర ఎవరు కూసుంటరు?"

"డెమో చెప్పు. కూర్చునేది లేనిది వాళ్ళ ఇష్టం. నీదీ కాదు, నాదీ కాదు."

మా ఆయన ఎప్పుడూ తప్పించుకునేవాడు. సారు కొత్త బ్యాచ్‌కు తానే డెమో చెప్పారు. వద్దని మేడమ్ ఫోనులో గొడవపెట్టారు, డాక్టరు కోప్పడ్డాడు. డెమో చెప్పాక ఇక ఆయన ఆగరని మాకు తెలుసు. కోర్సు సగానికి వచ్చేసరికి మలుపు దగ్గర కూర్చునే సేపు బాగా పెరిగింది. చివరికి మేడమ్ వచ్చి కారులో తీసుకెళ్ళారు. కారెక్కుతూ పిల్లలతో, "కొన్నాళ్ళు ల్యాబు చేసుకోండి. వచ్చి మిగిలింది చెప్తా" అన్నారు.

మేము వెళ్ళినప్పుడు మేడమ్ మా ఆయన్ను లోపలికి పిలిచి ఒకే మాట అన్నారు. "సగం బ్యాచ్ ఉండిపోయిందని నిన్నటిదాకా అదే బాధ. వాళ్ళ ఫీజు వాళ్ళకు తిరిగిచ్చెయ్యమన్నారు నాయనా. డెమో చెప్పినవాళ్ళే చివరిదాకా చెప్తారని కాగితంలో రాసుకున్నాం కదా అన్నారు."

దశదినకర్మ అయ్యాక సెంటరు తాళం తీశాం. పిల్లలకు కబురు పెడితే అందరూ వచ్చారు. ల్యాబులో కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన ముందు నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. డెమో చెప్పిన సారే చివరిదాకా చెప్తారని మాట ఇచ్చాం. ఆ మాట ఇక కుదరదు. ఎవరి పైసలు వాళ్ళకు ఇచ్చేస్తాం. సెంటరు ఉంటుందో లేదో కూడా తెలియదు.

మార్కాపురం పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "మాకు డబ్బులొద్దన్నా" అంది.

"వద్దంటే ఎట్ల? సారు మాట అది" అన్నాడు మా ఆయన.

అప్పుడు సిద్దిపేట పిల్లవాడు, ఓనరమ్మ చెల్లెలి చిన్నకొడుకు, అన్న నేర్చుకుని పోయాక ఈ బ్యాచ్‌లో చేరినవాడు, లేచి నిలబడ్డాడు. "అన్నా, నువ్వొక డెమో ఇయ్యి."

"ఏంది?"

"మిగిలిన సగానికి డెమో ఇయ్యే అన్నా. నచ్చితే కూసుంటం. నచ్చకపోతే లేచిపోతం. గప్పుడు పైసలు తీసుకుంటం. గంతే గదా మన రూలు?"

మా ఆయన నావైపు చూశాడు. ఊరికి పోదామంటాడేమో అనుకున్నాను. అంతమంది మధ్యలో నేను ఎన్నడూ నోరు తెరవలేదు. "చెప్పు" అన్నాను. నా మాట అందరికీ వినపడింది.

ల్యాబులో తివాచీ ఉంటుంది కాబట్టి చెప్పులు బయటే విడుస్తారు. డెమో నచ్చనివాళ్ళు మధ్యలో మెల్లగా లేచి వచ్చి, వంగి చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోవడం ఇక్కడ మామూలే. నేను తలుపు దగ్గరగా వేసి, ఆ చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నాను. లోపల మా ఆయన గొంతు మొదట తడబడింది. ఒక ఇంగ్లీషు మాట సగంలో వదిలేశాడు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి, మా పాలమూరు మాటల్లోనే చెప్పుకుపోయాడు.

ఇంతలో కింద గల్లీలోకి ర్యాలీ వచ్చింది. డప్పులు దగ్గరవుతున్నాయి. ఆయన గొంతు వాటిలో కలిసిపోయింది. లోపల ఎవరో కుర్చీ వెనక్కి జరిపి లేచిన చప్పుడయింది. అడుగులు వినిపించాయి. నేను చెప్పులవైపు చూస్తూ ఉండిపోయాను.

కిటికీ రెక్కలు మూసిన చప్పుడయింది. ఆ అడుగులు వెనక్కి వెళ్ళాయి, కుర్చీ ముందుకు జరిగింది. మా ఆయన ఆపినచోటునుంచి మళ్ళీ చెప్తున్నాడు. మెట్ల మీద ఎండలో చెప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.